కొలత

జాకెట్లు కుట్టగా మిగిలిన ముక్కలు
గోతాం నిండా ఉన్నాయి.
బడులు తెరుస్తారని తెలిసిన రాత్రి
మంచం మీద కుమ్మరించి
కెజియా మొహానికి సరిపడా ఏడు కత్తిరించా.
వారానికి ఏడు. ఆదివారం చర్చికి పసుపుపచ్చది.

వద్దన్నాడు ఆయన.
ముద్ద చేతిలో ఉండగానే అన్నాడు,
"పిలకాయకి ఊపిరాడొద్దా?"

సోమవారం బళ్ళో మీటింగు.
మాలకొండయ్య సారు మాస్కులోంచి మాట్లాడతంటే
సగం మాటలు గుడ్డలోనే ఉండిపోయినయ్.
"మా వాడికి చెవుల వెనక పుండ్లు లేచినయ్" అంది టిప్పరు డ్రైవరు భార్య.
"పెదాలు కనపడకపోతే టీచరమ్మ ఒత్తులు ఎట్టా దిద్దుద్ది?"
అన్నాడు ఒక ముసలాయన, మనవడి తరపున.
అదీ నిజమేననిపించింది నాకు.
మే నెలలో మొగుణ్ణి ఒంగోలు రిమ్స్‌లో వదిలొచ్చిన సుబ్బరత్తమ్మ
లేచి నిలబడింది గానీ ఏమీ అనలా.
కొడుకు మాస్కు ముక్కు మీదికి లాగి
మళ్ళీ కూర్చుంది.

అప్పుడు లేచాడు ఇర్మియా.
పదిమందిలో ఎన్నడూ నోరు తెరవని మనిషి.
"పద్నాలుగేళ్ళు సారూ, రామతీర్థం రోడ్డులో
కట్టింగు మిషను కాడ.
రాయి పిండయ్యి గాల్లో లేస్తది.
మా మూతికి ఒక్క పీలిక ఇచ్చినోడు లేడు.
ఇప్పుడు జొరమొచ్చిందని ఊరంతా మూతికి గుడ్డ.
ఊపిరి అందరిదీ ఒకటే గదా,
మాది ఎప్పుడు లెక్కేశారు?"

వెనక బెంచీలో చప్పట్లు.
నేను కొట్టలా.
నిజమే చెప్పాడు,
తెచ్చి తప్పు చోట పెట్టాడు.

చీమకుర్తి సెంటర్ దాటేదాకా బండి మీద మాటల్లేవు.
ఇంట్లో అడిగా:
"నీకియ్యలేదని నా బిడ్డకి వద్దా?"

"కాదే" అన్నాడు.
చాలాసేపు గోడకేసి చూసి అన్నాడు:
"మా నాయనకి కట్టింది నేనే.
గదవ కిందనించి నడినెత్తికి గుడ్డ.
పిల్ల మూతికి నువ్వు ముడేస్తంటే
అదే కనపడతంది."

దీనికేం చెప్పాలో
నాకు ఎవరూ నేర్పలేదు.
మజ్జిగ కలిపి ఇచ్చా.

ఆయన చొక్కా నానేసిన బక్కెట్టు నాకు తెలుసు.
నీళ్ళు తేరుకున్నాక అడుగున నల్లటి ఒండు.
వేలితో ఎత్తి ఎండకి పెడితే
అక్కడక్కడా బంగారు చుక్కలు.
ఎవరెవరి ఇళ్ళల్లోనో నున్నగా పరిచే రాయి,
మా బక్కెట్లో ఇంత, ఆయన రొమ్ములో ఎంతో.

కెజియా మాత్రం ఇద్దరి మాటా దాటలేదు.
నేను కనపడినంత దూరం ముక్కు మీద.
వాళ్ళ నాయన పనికెళ్ళే మలుపు కాడ గదవ కింద.
ఆ తర్వాత సంగతి
దానికీ దాని పక్క బెంచీకీ ఎరుక.

బుధవారం తీగ మీద ఆరే ఉన్నయ్.
గాలికి పోయిందనుకున్నా.
రాత్రి చొక్కా ఉతకబోతే జేబులోంచి పడింది పసుపుపచ్చది.
మడత నలగలా, దుమ్ము అంటలా.
పెట్టుకోలేదు.
పెట్టుకున్నా పట్టదు, ఎనిమిదేళ్ళ పిల్లది.
ఏమీ అడక్కుండా తిరిగి జేబులోనే పెట్టా.

అర్ధరాత్రి మిషను మీది గుడ్డ తీశా.
ఊళ్ళో ప్రతి ఆడదాని చేతి చుట్టూ నోటికొచ్చు నాకు,
ఈయన మొహం వెడల్పెంతో తెలియదు.
టేపు తీస్తే లేస్తాడేమోనని
నిద్రపోతున్న ముక్కు మీదుగా జాన పరిచా,
చెవి నుంచి చెవికి, తాకకుండా.

అరచేతికి కొడతంది ఊపిరి,
నీళ్ళు చాలని బ్లేడు
రాయిలో దిగుతున్నట్టు.

జానెడు మీద నాలుగేళ్ళు.